మోటారు సైకిలు ఎందుకు దగ్గుతుంది?

చలికాలం ఉదయాన మోటారు సైకిలుకు కిక్కు మీద కిక్కు కొట్టే మనిషిని మీరంతా చూసే ఉంటారు. పది కిక్కులకు గాని ఇంజను అందుకోదు. అందుకున్నా రెండు నిమిషాలు దగ్గి ఆగిపోతుంది. చుట్టూ చేరినవారు తలా ఒక సలహా చెబుతారు. ఒకరు ప్లగ్గు మార్చమంటారు, ఇంకొకరు పెట్రోలు కల్తీ అంటారు. చివరకు ఎవరో ఒకరు "కార్బ్యురేటరులో చెత్త పట్టింది" అని తేల్చేస్తారు.

ఆ మాట చాలాసార్లు నిజమే. కొన్నిసార్లు కాదు. నిజమో కాదో తెలుసుకోవడం ఎట్లా? నడుస్తున్న ఇంజను లోపలికి మనం తొంగి చూడలేము. కాని అది ఎప్పుడు దగ్గుతోంది, ఎట్లా దగ్గుతోంది, ఏమి చేస్తే దగ్గు తగ్గుతోంది అని గమనిస్తే, లోపం ఎక్కడుందో చాలా వరకు బయటి నుంచే చెప్పవచ్చు. ఇందుకు గొప్ప చదువు అక్కర లేదు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న పీడనం, ప్లవనం, దహనం అనే మూడు విషయాలు బాగా తెలిస్తే చాలు.

ఇంజను తినే తిండి

పెట్రోలు ద్రవరూపంలో మండదు. అది ఆవిరై, గాలితో తగిన పాళ్ళలో కలిసినప్పుడే సిలిండరులో సరిగా మండుతుంది. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి.

ఇది ఎంత గాలి? ఒక చిన్న లెక్క చేద్దాం. 1 లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. దానికి కావలసిన గాలి 740 × 14.7, అంటే దాదాపు 11 కిలోగ్రాములు. 1 ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగుతుంది. కాబట్టి 1 లీటరు పెట్రోలుకు దాదాపు 9 ఘనమీటర్ల గాలి అవసరం. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గదిలో మీ నడుము దాకా నిండే గాలి అంతా ఒక్క లీటరు పెట్రోలుతో పాటు ఖర్చవుతుందన్నమాట!

ఈ పాళ్ళు తప్పితే ఏమవుతుంది? మజ్జిగ చిక్కగానో పలచగానో ఉన్నట్లే, ఈ మిశ్రమం కూడా చిక్కగానో పలచగానో మారుతుంది. పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైతే చిక్కని మిశ్రమం. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే పలచని మిశ్రమం. కొద్ది తేడాను ఇంజను సహిస్తుంది. తేడా పెరిగితే నిప్పురవ్వ సరిగానే పడినా మిశ్రమం అంటుకోదు. అప్పుడు ఇంజను ఒక దెబ్బ కొట్టి, ఒక దెబ్బ తప్పుతుంది. మెకానిక్కులు "మిస్సింగ్ కొడుతోంది" అనేది దీనినే.

మీ ఇంటి గ్యాసు స్టవ్వును చూడండి. గాలి సరిగా అందినప్పుడు మంట నీలంగా ఉంటుంది. గాలి పోయే దారిలో దుమ్ము పడితే మంట పసుపు రంగుకు తిరిగి గిన్నె అడుగున మసి పడుతుంది. చిక్కని మిశ్రమం ఇంజనులో చేసే పనీ అదే. ఆ మసి స్పార్కు ప్లగ్గు మీద పేరుకుంటుంది.

పెట్రోలును పైకి లాగేది ఎవరు?

ఒక గ్లాసు నీళ్ళలో ఒక చిన్న స్ట్రాను నిలువుగా పెట్టండి. దాని పై కొన నీటిమట్టానికి 1 సెంటీమీటరు పైన ఉండాలి. మరొక స్ట్రాను అడ్డంగా, మొదటి స్ట్రా పై కొనకు తగిలేటట్లు పట్టుకొని గట్టిగా ఊదండి. నీరు నిలువు స్ట్రాలో పైకెక్కి తుంపరగా చిమ్ముతుంది. దోమల మందు కొట్టే చేతిపంపులో జరిగేదీ ఇదే.

కార్బ్యురేటరులో ఊదేవారు ఉండరు. పిస్టను కిందికి దిగినప్పుడు సిలిండరులో పీడనం తగ్గుతుంది. బయటి గాలి ఫిల్టరు గుండా, కార్బ్యురేటరు గుండా లోపలికి తోసుకు వస్తుంది. ఆ దారి మధ్యలో ఒక ఇరుకైన గొంతు ఉంటుంది. అంతే గాలి ఇరుకు దారిలో పోవాలంటే వేగం పెరగాలి. వేగం పెరిగిన చోట పీడనం పడిపోతుంది. డేనియల్ బెర్నూలీ 1738లోను, ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ 1797లోను ప్రచురించిన గ్రంథాలు ఈ సంగతికి ఆధారం. అందుకే ఈ గొంతును నేటికీ వెంచురీ అంటారు. దాదాపు నూరేళ్ళ తరువాత 1893 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో దోనాట్ బాంకి, యానోష్ చోంకా పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బ్యురేటర్లను తయారు చేశారు.

ఆ పీడనం ఎంత పడిపోతుంది? 100 సీసీ నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అది రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చుకుంటుంది. అంటే సెకనుకు 50 సార్లు. ప్రతిసారి 100 ఘన సెంటీమీటర్ల చొప్పున సెకనుకు 5 లీటర్లు. గొంతు వ్యాసం 18 మిల్లీమీటర్లయితే గాలి సగటు వేగం సెకనుకు దాదాపు 20 మీటర్లు. అయితే నాలుగు స్ట్రోకులలో పీల్చేది ఒక్కటే గనుక, పీల్చే సమయంలో వేగం సుమారు నాలుగు రెట్లు, అంటే సెకనుకు 80 మీటర్లు ఉంటుంది. ఆ వేగానికి తగ్గే పీడనం అర్ధ గుణకం సాంద్రత గుణకం వేగవర్గం. అనగా ½ × 1.2 × 80 × 80 = 3840 పాస్కల్స్. ఈ పీడనం పెట్రోలును అర మీటరు ఎత్తుకు లేపగలదు. కార్బ్యురేటరులో అది లేవవలసింది ఒకటి రెండు సెంటీమీటర్లే. అందువల్లనే అది అంత జోరుగా తుంపరై పోతుంది.

గిన్నె, తేలే బిరడా, మూడు దారులు

కార్బ్యురేటరు అడుగున ఒక చిన్న గిన్నె ఉంటుంది. అందులో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఈ పని ఫ్లోట్ అనే తేలే బిరడా చేస్తుంది. మీ మేడమీది నీళ్ళ తొట్టిలో బంతి కుళాయిని చూశారు కదా! నీరు నిండితే బంతి లేచి కుళాయిని మూస్తుంది. ఇక్కడ బంతికి బదులు ఫ్లోట్, కుళాయికి బదులు సన్నని సూది కవాటం. ఆర్కిమిడీస్ సూత్రం మోటారు సైకిలులో కూడా పని చేస్తూనే ఉంది.

గిన్నె నుంచి పెట్రోలు పైకి పోవటానికి వేరు వేరు దారులున్నాయి. మనకు ముఖ్యమైన విషయం ఇదే కాబట్టి జాగ్రత్తగా చదవండి.

మొదటి దారి: యాక్సిలరేటరు పిడి వదిలేసి ఉన్నప్పుడు, లేక కొద్దిగానే తిప్పినప్పుడు, పెట్రోలు స్లో జెట్ అనే ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రం గుండా పోతుంది. ఈ రంధ్రం వ్యాసం అర మిల్లీమీటరు కూడా ఉండదు.

రెండవ దారి: పిడిని పావు నుంచి ముప్పావు వరకు తిప్పినప్పుడు గొంతులోని స్లైడు పైకి లేస్తుంది. దానికి వేలాడే కొస సన్నమైన సూది కూడా లేస్తుంది. సూది ఎంత లేస్తే దాని చుట్టూ అంత ఖాళీ ఏర్పడి అంత పెట్రోలు వస్తుంది.

మూడవ దారి: పిడిని ముప్పావు నుంచి పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్ రంధ్రం ఎంత పెద్దదో దానిని బట్టి పెట్రోలు వస్తుంది.

వీటితోపాటు చోక్ ఉంది. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. మండేది ఆవిరే గనుక మిశ్రమం నిజానికి పలచనై కూర్చుంటుంది. చోక్ లాగితే గాలి తగ్గి, లేదా అదనంగా పెట్రోలు వచ్చి, మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వేడెక్కగానే చోక్ మూసెయ్యాలి.

ఏ వేగంలో ఏ దారి పని చేస్తుందో తెలిస్తే, ఏ వేగంలో ఇంజను దగ్గుతుందో దానిని బట్టి మూసుకుపోయిన దారి ఏదో చెప్పవచ్చు. స్క్రూడ్రైవరు ముట్టకముందే సగం పని అయిపోతుంది.

నాలుగు ప్రశ్నలు

వైద్యుడు రోగిని ప్రశ్నలు అడిగినట్లే మనం ఇంజనును అడుగుదాం.

మొదటి ప్రశ్న: లోపం అసలు కార్బ్యురేటరుదేనా? ట్యాంకులో పెట్రోలు ఉందా? కాక్ తెరిచి ఉందా? ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండి ఉందా? ప్లగ్గు టోపీ వదులై ఉందా? అన్ని వేగాలలోను ఒకే తీరుగా మిస్సింగ్ కొడితే ముందు నిప్పురవ్వను అనుమానించాలి. బండి పావుగంట బాగా నడిచి ఆగి, కాసేపటికి మళ్ళీ అందుకుంటే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం చూడాలి. నూనె డబ్బాకు ఒకే రంధ్రం చేస్తే నూనె సాఫీగా పడదు, రెండో రంధ్రం కావాలి. ఇదీ అంతే.

రెండవ ప్రశ్న: మిశ్రమం చిక్కనా, పలచనా? సైలెన్సరు నుంచి నల్లని పొగ, పెట్రోలు వాసన, మసి పట్టిన నల్లని ప్లగ్గు, తగ్గిన మైలేజీ చిక్కదనానికి గుర్తులు. కార్బ్యురేటరు నుంచి తుమ్మినట్లు చప్పుడు, పిడి వదిలినప్పుడు సైలెన్సరులో టపటపలు, ఇంజను మామూలు కంటె ఎక్కువ వేడెక్కడం, తెల్లబడిన ప్లగ్గు పలచదనానికి గుర్తులు. లేత గోధుమరంగు ప్లగ్గు ఆరోగ్యానికి గుర్తు.

ఇందుకు ఒక తేలిక పరీక్ష ఉంది. వేడెక్కిన ఇంజను దగ్గుతున్నప్పుడు చోక్ కొద్దిగా లాగాలి. దగ్గు తగ్గితే మిశ్రమం పలచన. దగ్గు ఎక్కువైతే చిక్కన.

మూడవ ప్రశ్న: ఏ వేగంలో? పిడి మీద, దాని పక్కన సుద్దముక్కతో గీతలు గీసి పావు, సగం, ముప్పావు గుర్తించాలి. ఏ గీత దగ్గర లోపం కనిపిస్తోందో కాగితం మీద రాసుకోవాలి. బండి వేగాన్ని కాదు, పిడి తిరిగినంతను చూడాలని మరువవద్దు.

నాలుగవ ప్రశ్న: ఎప్పటి నుంచి? బండి చాలాకాలం కదలకుండా ఉన్న తరువాతనా? వానలో తడిసిన తరువాతనా? ఎవరైనా స్క్రూలు తిప్పిన తరువాతనా? జవాబులో చాలాసార్లు కారణం దాగి ఉంటుంది.

ఒక ఉదాహరణ

ఒక పాల వ్యాపారి బండిని ఊహించుకుందాం. ఆయన తెల్లవారకముందే బయలుదేరి 40 ఇళ్ళ ముందు ఆగాలి. జబ్బు చేసి ఆయన రెండు నెలలు బండి తియ్యలేదు. ఇప్పుడు బండి చోక్ లాగితేనే అందుకుంటోంది. చోక్ మూసి పిడి వదలగానే తుమ్మి ఆగిపోతోంది. రోడ్డు మీద పిడి పూర్తిగా తిప్పితే మాత్రం చక్కగా పోతోంది. కొత్త కార్బ్యురేటరు వెయ్యాలని ఒక మెకానిక్ చెప్పాడు. అంత డబ్బు లేక ఆయన చోక్ సగం లాగి ఉంచి బండి నడుపుతున్నాడు.

ఆయన చేస్తున్నది ప్రమాదకరం. అదనపు పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగేస్తుంది, కిందికి దిగి ఇంజను ఆయిలును పలచన చేస్తుంది. నూనె లేని చోట పిస్టను రింగులు అరిగిపోతాయి. చిన్న లోపం ఇట్లా పెద్ద ఖర్చుకు దారి తీస్తుంది.

మన ప్రశ్నలు వేద్దాం. పూర్తి వేగంలో బండి బాగా పోతోంది. కాబట్టి ట్యాంకు, కాక్, మెయిన్ జెట్, నిప్పురవ్వ బాగానే ఉన్నాయి. చోక్ లాగితే మేలు. కాబట్టి మిశ్రమం పలచన. పిడి వదిలినప్పుడే లోపం. కాబట్టి స్లో జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా కార్బ్యురేటరుకు ఇంజనుకు మధ్య అతుకు దగ్గర దొంగగాలి చొరబడుతూ ఉండాలి. ఇంత యంత్రంలో మనకు మిగిలినవి రెండే అనుమానాలు!

దొంగగాలిని ముందు చూడాలి, ఎందుకంటే అది తేలిక. అతుకు బోల్టులు బిగించి, రబ్బరు రింగు పగిలిందేమో చూస్తే తెలుస్తుంది. అక్కడ తప్పు లేకపోతే గిన్నె విప్పి స్లో జెట్ బయటకు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టాలి. రంధ్రం గుండా వెలుతురు కనిపించకపోతే దొంగ దొరికినట్లే. రెండు నెలలు గిన్నెలో నిలిచిన పెట్రోలు ఆవిరైపోయి జిగురును మిగిల్చింది. ఆ జిగురును కార్బ్యురేటరు క్లీనరుతో నానబెట్టి, పంపు గాలితో ఊదితే పోతుంది. కొత్త కార్బ్యురేటరు అవసరం లేదు.

తీగతో పొడవవద్దు

చాలామంది జెట్ రంధ్రాన్ని ఇనుప తీగతో పొడుస్తారు. ఇది ఎందుకు తప్పో లెక్క చెబుతుంది. రంధ్రం వైశాల్యం వ్యాసం యొక్క వర్గాన్ని బట్టి మారుతుంది. 0.40 మిల్లీమీటర్ల రంధ్రంలో జిగురు పట్టి 0.30 అయిందనుకోండి. తగ్గింది వెంట్రుక మందమే. కాని వైశాల్యం 9/16 వంతుకు, అంటే 56 శాతానికి పడిపోతుంది. పెట్రోలు దాదాపు సగం తగ్గినట్లే. ఇత్తడి మెత్తని లోహం. తీగ గీసుకుని అదే రంధ్రం 0.45 అయితే వైశాల్యం 27 శాతం పెరుగుతుంది. నిన్న పలచనైన మిశ్రమం రేపు చిక్కనవుతుంది. జిగురును కడగవచ్చు గాని, పెద్దదైన రంధ్రాన్ని చిన్నది చెయ్యలేము.

మరొక నియమం: ఒకసారి ఒక్కటే మార్చాలి. మిశ్రమం స్క్రూను తిప్పే ముందు, అది పూర్తిగా ఆనేవరకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి రాసుకోవాలి. అప్పుడు మళ్ళీ మొదటి చోటికి రావచ్చు. మూడు స్క్రూలు ఒకేసారి తిప్పితే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ప్రయోగశాలలో మీరు ఒక రాశిని మార్చి మిగతావాటిని స్థిరంగా ఉంచడం ఇందుకే.

నీరు, ఇథనాలు

పెట్రోలు కంటె నీరు బరువు. ట్యాంకులో చేరిన నీటిబొట్లు దిగి గిన్నె అడుగున నిలుస్తాయి. అడుగున ఉండే జెట్లు పెట్రోలుకు బదులు నీటిని పీలుస్తాయి. గిన్నె కింది స్క్రూ వదులు చేసి ఆ నీటిని ఒక సీసాలోకి దింపడం మెకానిక్కులు ముందుగా చేసే పని.

మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థాయికి 2025లో చేరుకున్నారు. ఇథనాలు అణువులోనే ఆక్సిజన్ ఉంది. కాబట్టి 1 గ్రాము ఇథనాలుకు 9 గ్రాముల గాలి చాలు. 20 శాతం కలిపిన ఇంధనానికి 14.7కు బదులు సుమారు 13.5 గ్రాములు చాలు. పాత కార్బ్యురేటరు జెట్టుకు ఈ సంగతి తెలియదు. అది పాత కొలతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం 8 శాతం పలచనవుతుంది. ముందే పలచగా ఉన్న బండి ఇప్పుడు తడబడవచ్చు. ఇథనాలు నీటిని కూడా పీల్చుకుంటుంది. కాబట్టి బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు కాక్ మూసి గిన్నెలోని పెట్రోలును దింపివెయ్యడం మంచిది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 నియమాల తరువాత మన దేశంలో కొత్త మోటారు సైకిళ్ళకు ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. అక్కడ సెన్సరు కొలిచి చెప్పిన పాళ్ళను బట్టి చిన్న కంప్యూటరు పెట్రోలు చిమ్మిస్తుంది. అయినా అంతకు ముందటి బండ్లు ఎన్నో ఇంకా మన వీధుల్లో పాలు, కూరలు, చేపలు మోస్తూనే ఉన్నాయి.

ప్రాణానికి సంబంధించిన మాట

ఈ పనులు మీరు ఒంటరిగా చెయ్యవద్దు. తెలిసిన మెకానిక్ దగ్గర నిలబడి చూడండి, ప్రశ్నలు అడగండి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలి కంటె బరువు గనుక నేల వెంట పాకి దూరాన ఉన్న దీపం దగ్గరకు పోగలదు. కాబట్టి గిన్నె విప్పేది ఆరుబయట, చల్లారిన ఇంజను మీద, దగ్గరలో ఏ నిప్పూ లేనప్పుడే.

మూసిన గదిలో ఇంజను నడపరాదు. మిశ్రమం చిక్కనైతే కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటె దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది.

ఆలోచించి చెప్పండి

1. ఫ్లోటుకు చిల్లి పడి అందులో పెట్రోలు చేరితే మిశ్రమం ఎట్లా మారుతుంది?
2. విశాఖపట్నంలో సరిచేసిన కార్బ్యురేటరు బండి సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో నల్లని పొగ వదులుతుంది. ఎందుకు?
3. 0.40 మిల్లీమీటర్ల జెట్టుకు బదులు 0.38 జెట్ వేస్తే రంధ్రం వైశాల్యం ఎంత శాతం తగ్గుతుంది?

జవాబులు: 1. ఫ్లోట్ మునిగి కవాటం మూసుకోదు. గిన్నె పొంగి మిశ్రమం చిక్కనవుతుంది. 2. ఎత్తుకు పోయేకొద్దీ గాలి సాంద్రత తగ్గుతుంది. పెట్రోలు అంతగా తగ్గదు. 3. సుమారు 10 శాతం.